తుంటి ఆపరేషన్‌కి చేరిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ ఎట్టా వచ్చింది? మా జేజి మనుషుల్ని గుర్తుపట్టడం లేదు

కావలి_మనవరాలు
మా జేజికి, అదే మా నాయనమ్మకి, 78 ఏళ్ళు. పది రోజుల కింద పెరట్లో కుళాయి దగ్గర పాచి మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం, మర్నాడే ఆపరేషన్ చేశారు. ఆపరేషన్‌కి వంక పెట్టేదేం లేదు. మూడో రోజుకి వాకర్ పట్టుకొని నాలుగడుగులు వేసింది, చేపల పులుసు ఎప్పుడు పెడతారని కూడా అడిగింది.

ఆరో రోజు రాత్రి నుంచి మనిషి మారిపోయింది. పోయి పదకొండేళ్ళయిన మా అబ్బ (తాత) మంచం పక్కన నిలబడి ఉన్నాడంటది. సెలైన్ సూది పీకేసింది. నన్ను చూసి "ఎవురు పాపా నువ్వు, గేదెకి నీళ్ళు పెట్టినావా" అనింది. మా ఇంట్లో గేదె లేక ఎనిమిదేళ్ళు. పగలంతా మగత, రాత్రంతా పలవరింత. జ్వరం చూస్తే లేదు. మా మేనత్త గాలి సోకిందని తాయెత్తు తెచ్చి కట్టింది.

నిన్న యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) రిపోర్టు వచ్చింది. క్లెబ్సియెల్లా అనే క్రిమి అంట, లక్షకి పైన కాలనీలు. మొన్నటి నుంచే మెరోపెనెం అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ రోజుకి మూడు సార్లు ఇస్తన్నారు. ఎముక విరిగిన మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఏంది అని అడిగితే "ఈ వయసులో మామూలేనమ్మా" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడటంలా. మేమేమన్నా తప్పు చేశామా? జేజి మళ్ళీ మామూలు మనిషి అవుద్దా?

ఒంగోలు_గిత్త
యూరిన్ పైపు వేసుంటారు గదా. ఎన్ని రోజులుంది?

కావలి_మనవరాలు
ఆపరేషన్ రోజు వేశారు. ఇంకా ఉంది. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

ఒంగోలు_గిత్త
వాకర్‌తో నడిచిన మనిషికి తొమ్మిది రోజులు పైపు దేనికి?

ఉదయగిరి_దుర్గం
దేనికంటే బిల్లుకి. వదలొద్దు. కేస్ షీట్ కాపీ రాతపూర్వకంగా అడుగు, వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యి. ఇట్టాంటివాళ్ళకి ఇదే మందు.

రాత్రి_డ్యూటీ
నేను స్టాఫ్ నర్సుని. మాది గూడూరు, పన్నెండేళ్ళుగా చెన్నైలో ఐసీయూలో చేస్తన్నా. పాపా, ముందు నీ ప్రశ్నకి జవాబు చెప్తా, కేసుల సంగతి తర్వాత.

మూత్రాశయంలోకి పైపు వేశామంటే బయటి నుంచి లోపలికి దారి తీసినట్టే. మామూలుగా మనం ఒంటికి పోయినప్పుడల్లా దారిలో ఉన్న క్రిములు కొట్టుకుపోతాయి. పైపు ఉన్నవాళ్ళకి ఆ కడుగుడు లేదు. పైగా రబ్బరు మీద, సిలికాన్ మీద క్రిములు జిగురు పొర కట్టుకొని కూర్చుంటాయి. ఆ పొరలోకి మందు సరిగ్గా దిగదు. పైపు ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో క్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం అని మాకు ట్రైనింగులో చెప్తారు. నెల రోజులుంటే ఇంక చేరనివాళ్ళు దాదాపు ఉండరు. తుంటి ఆపరేషన్‌కి వేసిన పైపు, వేరే అవసరం లేకపోతే, ఒకటి రెండు రోజుల్లో తీసెయ్యొచ్చు.

ఇవాళ నువ్వు కళ్ళారా చూడాల్సినవి చెప్తా. బ్యాగు నడుము కన్నా కిందే వేలాడుతుండాలి, నేలకి మాత్రం తగలకూడదు. ఎక్స్‌రేకి తీసకపోయేటప్పుడు స్ట్రెచర్ తోసేవాళ్ళు బ్యాగు తీసి పేషెంటు పొట్ట మీద పెడతారు, అప్పుడు బ్యాగులో మురికంతా వెనక్కి లోపలికే పోతుంది. ఇది నేను వందసార్లు చూశా, వందసార్లు అరిచా. పైపుకీ బ్యాగుకీ మధ్య అతుకు ఊడదియ్యకూడదు. ఒకే మగ్గుతో వార్డులో అందరి బ్యాగులూ ఖాళీ చేస్తుంటే ఆపమను. బ్యాగు ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి, ఇంట్లోవాళ్ళు కూడా.

అన్నిటికన్నా ముందు, రౌండ్స్‌కి డాక్టరు రాగానే అడుగు: "సార్, ఈ పైపు ఇంకా ఎందుకు?" జవాబు లేకపోతే పైపు తీసెయ్యాల్సిందే.

కావలి_మనవరాలు
ఎక్స్‌రేకి తీసకపోయినప్పుడు బ్యాగు పొట్ట మీదే పెట్టారక్కా. నేనే పట్టుకున్నా కూడా. నాకు తెలియదు.

రాత్రి_డ్యూటీ
నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు. చెప్పాల్సినోళ్ళు మేము.

ఉదయగిరి_దుర్గం
మరి చెప్పకపోవడం ఎవరి తప్పు? మీవాళ్ళని మీరు వెనకేసుకొస్తే ఎట్టా?

రాత్రి_డ్యూటీ
వెనకేసుకు రావడం లేదు అన్నా. నేను ఇంతకుముందు చేసినచోట రాత్రి పూట 34 మంచాలకి ఇద్దరం. ఒకరికి వాంతి, ఒకరికి ఆయాసం, ఒకరికి ఇంజెక్షన్ టైము. పైపు ఉన్న పేషెంటు నిద్రపోతా ఉంటుంది, బెల్లు కొట్టదు, పక్క తడపదు. అందుకని ఆ మంచం వైపు ఎవరూ చూడరు. మేము పైపుని మర్చిపోయేది అక్కడే. తప్పు తప్పే, ఎట్టా జరుగుద్దో చెప్తన్నా అంతే.

చీమకుర్తి_రాయి
పాపా, బార్లీ నీళ్ళు పట్టండి, కొబ్బరి బొండాం పట్టండి. కొండపిండాకు పప్పులో వేసి పెడితే మూత్రం దారి సాఫీ అవుద్ది. మా అమ్మకి అట్టానే తగ్గింది. ఈ పెద్ద ఇంజెక్షన్లకి కిడ్నీలు పోతాయి.

పాతడాక్టరు_జనరల్‌మెడిసిన్
చీమకుర్తి మిత్రులు అన్నదాంట్లో నీళ్ళు పట్టాలన్న మాట నిజం. బార్లీ నీళ్ళు పుచ్చుకుంటే నష్టం లేదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ కనుక క్రియాటినిన్ పెరిగినవాళ్ళకి, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకి, డాక్టర్ని అడగకుండా ఇవ్వకూడదు. ఇంజెక్షన్ ఆపి ఆకుకూర మీద ఆధారపడమని మాత్రం దయచేసి ఎవరూ చెప్పకండి. ఆసుపత్రిలో పట్టుకున్న క్లెబ్సియెల్లా పప్పుతో పోదు.

అమ్మాయికి రెండు సంగతులు చెప్పాలి. మీ జేజికి వచ్చినది పిచ్చీ కాదు, గాలీ కాదు. దాన్ని డెలీరియం అంటాం. పెద్దవయసు మెదడు, ఆపరేషన్, నిద్రలేమి, కొత్త చోటు, నొప్పి మందులు, వీటి మీద ఇన్ఫెక్షన్ కూడా వచ్చి పడితే మతి తాత్కాలికంగా చెదిరిపోతుంది. పగలు మగత, రాత్రి అలజడి, గంటకో తీరుగా మారడం, అన్నీ దాని గుర్తులే. ముసలివాళ్ళలో ఒక్కోసారి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాదు. తిండి మానేయడం, పడిపోవడం, ఉన్నట్టుండి మాట తేడా రావడం, అంతవరకే కనబడుతుంది. కారణం సరిదిద్దితే చాలామంది కోలుకుంటారు. కొందరికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, సూది గుచ్చే చేతికి మాత్రం కట్టకండి.

రెండోది కాస్త కష్టమైన సంగతి. మూత్రంలో బాక్టీరియా కనబడినంత మాత్రాన అది జబ్బు కాదు. వృద్ధాశ్రమాల్లో ఉండే ఆడవాళ్ళలో పావువంతు నుంచి సగం మంది దాకా మూత్రంలో ఏ బాధా లేకుండానే క్రిములు ఉంటాయి. ఏ బాధా లేకపోతే వాటికి మందు ఇవ్వకూడదు. గర్భిణులు, మూత్రనాళంలో ఆపరేషన్ జరగబోయేవాళ్ళు, ఇట్లాంటి కొద్దిమందికే మినహాయింపు. మతి చెదిరిన పెద్దవాళ్ళకి జ్వరం, బీపీ పడిపోవడం, మూత్రంలో మంట లాంటివేమీ లేకుండా ఉత్త కల్చర్ మాత్రమే వస్తే, ముందు వేరే కారణాలు వెతకమని అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. కనుక నాకు ఇవి చెప్పండి: తెల్లకణాల లెక్క ఎంత? సోడియం ఎంత? క్రియాటినిన్ ఎంత? మలవిసర్జన అయి ఎన్ని రోజులైంది? నొప్పికి ఏం ఇస్తున్నారు? కల్చర్‌కి మూత్రం ఎక్కడి నుంచి తీశారు?

చీమకుర్తి_రాయి
డాక్టరు గారూ, ఆకు మీద నా మాట వెనక్కి తీసుకుంటన్నా, మీరు చెప్పిన సోడియం మాట దగ్గర ఆగిపోయినా. పోయినేడు మా నాయనకి ఇట్టానే మాటలు తడబడినాయి. యూరిన్‌లో చీముకణాలు ఉన్నాయని ఐదు రోజులు యాంటీబయోటిక్ ఎక్కించారు. తగ్గలా. వేరే చోటికి మారిస్తే సోడియం 118 ఉంది. బీపీకి వాడే నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయించేది) వల్ల అంట. ఆ బిళ్ళ ఆపి, సోడియం మెల్లగా ఎక్కిస్తే మూడు రోజులకి నాయన లేచి పేపర్ అడిగినాడు. ఐదు రోజులు ఊరికే పోయినాయి.

కావలి_మనవరాలు
డాక్టరు గారూ, నర్సుని బతిమాలి అన్నీ రాసుకొచ్చా. తెల్లకణాలు 17,800. సోడియం 129. క్రియాటినిన్ చేరినప్పుడు 0.9, ఇప్పుడు 1.5. నొప్పికి ట్రమడాల్ ఇస్తన్నారు. రెంటికి పోయి ఐదు రోజులైంది, ఎవరూ అడగలా, నేనూ చెప్పలా. మూత్రం శాంపిల్ ఆయా వచ్చి బ్యాగు అడుగున కుళాయి తిప్పి డబ్బాలో పట్టుకుపోయింది.

ల్యాబ్_గ్లాసు
బ్యాగులోంచా! అయ్యో. ఆ బ్యాగులో మూత్రం గంటల తరబడి గది వేడికి నిలవుంటుంది, మన నెల్లూరు ఎండల్లో ఇంక చెప్పేదేముంది. ఒక్క క్రిమి లక్ష అవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. శాంపిల్ పైపుకి ఉండే పోర్టు దగ్గర స్పిరిట్‌తో తుడిచి సిరంజితో లాగాలి. పైపు రెండు వారాలు దాటి ఉంటే పాతది తీసేసి, కొత్తది వేశాక దాన్నుంచి తియ్యాలి. తీసిన రెండు గంటల్లో ల్యాబుకి రావాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. నేను ఒంగోల్లో ల్యాబులో చేస్తన్నా. పొద్దున ఆరుకి పట్టిన డబ్బా మధ్యాహ్నం ఒంటిగంటకి తెచ్చి "కల్చర్ పెట్టండి" అంటారు. రెండు మూడు రకాల క్రిములు కలిసి పెరిగితే అది చాలావరకు శాంపిల్ పాడైనట్టే.

ఉదయగిరి_దుర్గం
చూశారా? అంటే ఆ ఇంజెక్షన్ అంతా అనవసరం. రిపోర్టే తప్పు. నేను మొదటి నుంచీ చెప్తన్నా.

పాతడాక్టరు_జనరల్‌మెడిసిన్
అంత తొందరగా తీర్పు చెప్పకండి. శాంపిల్ తీసిన పద్ధతి తప్పు. ఆమెకి ఇన్ఫెక్షన్ లేదని దానివల్ల రుజువు కాదు. 17,800 కణాలు ఊరికే రావు, ఆపరేషన్ అయి వారం దాటింది కూడా. క్రియాటినిన్ పెరిగింది. ఇంజెక్షన్ రెండు రోజులుగా నడుస్తోంది కనుక ఇప్పుడు కొత్తగా కల్చర్ తీసినా ఏమీ పెరగకపోవచ్చు. అమ్మాయీ, ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు రక్తం కల్చర్ కూడా తీశారేమో అడగండి. తగ్గిన సోడియం, మలబద్ధకం, ట్రమడాల్, ఈ మూడూ మతి చెదరగొట్టగలవే, వాటి గురించి అక్కడి డాక్టరుకి చెప్పండి. పేగు నిండిపోతే మూత్రాశయం మీద ఒత్తిడి పడి మూత్రం పూర్తిగా ఖాళీ కాదు, అది కూడా ఇన్ఫెక్షన్‌కి దారి.

మందులషాపు_పొగతోట
ఒక మాట నా వైపు నుంచి. రోజుకి నలుగురైనా వస్తారు, "పెద్దాయనకి మంటంట, నార్‌ఫ్లాక్స్ ఇవ్వు", "సెఫిక్సిమ్ ఐదు ఇవ్వు" అని. చీటీ లేదంటే పక్క షాపుకి పోతారు. బిళ్ళల అట్ట మీద నిలువునా ఎర్రగీత ఉందంటే చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. షెడ్యూల్ ఎచ్1 కింద 2014 నుంచి సెఫిక్సిమ్ లాంటివీ, మెరోపెనెం లాంటివీ అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. ఇట్టా యాంటీబయోటిక్‌లు అడ్డదిడ్డంగా వాడబట్టే ఇప్పుడు ఆసుపత్రుల్లో చాలా క్రిములు మందులకి లొంగడంలా.

రొయ్యలగుంట
పొగతోట తమ్ముడు చెప్పింది చదివాక రాయకుండా ఉండలేకపోతన్నా. మాది అల్లూరు వైపు, ఆరెకరాల రొయ్యల గుంటలు. రొయ్యకి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయోటిక్‌లు వాడకూడదు. యూరప్ వాళ్ళు సరుకు పరీక్ష చేసి ఆనవాలు దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి కొడతారు. అందుకని పట్టుబడికి ముందే శాంపిల్ ఇచ్చి పరీక్ష చేయిస్తాం. రొయ్యకి ఇంత పట్టింపు ఉంది, మనిషికి మాత్రం కిళ్ళీ కొట్టులో బఠానీల్లాగా మందులు.

ఇంకోటి. మా అమ్మకి మూత్రంలో మంటకి నైట్రోఫ్యురాంటాయిన్ రాశారు. పేరు చూడగానే గుండె ఝల్లుమంది. మా గుంటల్లో నిషేధించిన జాతి మందు మా అమ్మ నోట్లో వెయ్యమంటారే! రెండు రోజులు వెయ్యలా. డాక్టరు గారూ, నేను చేసింది తప్పా?

పాతడాక్టరు_జనరల్‌మెడిసిన్
మీ అనుమానం అర్థం చేసుకోదగ్గదే, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆహారంలో మిగిలిపోయే నైట్రోఫ్యూరాన్ అవశేషాలు క్యాన్సర్‌కి కారణం కావచ్చన్న అనుమానంతో వాటిని తిండికి పెంచే జీవాల్లో నిషేధించారు. ఎవరు ఎన్నేళ్ళు ఎంత తింటారో లెక్క ఉండదు కదా. మీ అమ్మగారికి ఇచ్చేది లెక్క ప్రకారం ఐదు రోజులు. ఆ బిళ్ళ మూత్రంలోనే చేరి పనిచేస్తుంది, మూత్రం ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ-కోలై అనే క్రిమి చాలావరకు ఇంకా దానికి లొంగుతుంది. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకి ఇవ్వం. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కినా, రక్తంలోకి దిగినా అది చాలదు. డాక్టరు రాశారంటే వెయ్యండి.

రొయ్యలగుంట
సరే సార్. రేపటి నుంచి కాదు, ఇప్పుడే వేస్తా.

కనిగిరి_టిన్నునీళ్ళు
మగవాళ్ళ సంగతి కూడా ఎవరన్నా చెప్పండి. మా పెదనాయనకి 81. ప్రోస్టేటు. ఒంటికి రాక కడుపు ఉబ్బితే ఒంగోలు తీసకపోయాం, పైపు వేశారు. తీస్తే మళ్ళీ ఆగిపోయింది, మళ్ళీ వేశారు. ఆరు నెలలు పైపుతోనే ఉన్నాడు. నెలకోసారి మార్చాలి. ఊళ్ళో ఆర్ఎంపీ మారుస్తాడు. రెండుసార్లు వణుకు జ్వరం. ఆయనకి అసలు నీళ్ళు తాగే అలవాటు లేదు. మా కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, టిన్నులు కొనుక్కొని తాగుతాం. కొన్న నీళ్ళని పెద్దాళ్ళు లెక్కపెట్టుకొని తాగుతారు, చెప్పినా వినరు.

రాత్రి_డ్యూటీ
ప్రోస్టేటుకి పైపు తీసే ముందు కొన్ని రోజులు టామ్సులోసిన్ లాంటి బిళ్ళ వేసి, అప్పుడు తీసి చూస్తారు. అయినా రాకపోతే యూరాలజిస్టు దగ్గరికి పోవాలి. ఆరు నెలలు అట్టా వదిలెయ్యొద్దు అన్నా. ఇంట్లోవాళ్ళు నేర్చుకుంటే రోజుకి నాలుగైదు సార్లు సన్న పైపుతో తీసి పారేసే పద్ధతి ఉంది, పైపు లోపలే ఉంచడం కన్నా దానికి ఇన్ఫెక్షన్లు తక్కువ. మూత్రం దానంతట అది వస్తా, పక్క తడుపుకునే మగవాళ్ళకి బయట తొడిగే కండోమ్ క్యాథెటర్ ఉంటుంది. ఆగిపోయినవాళ్ళకి మాత్రం అది పనికిరాదు.

ఇంకో మాట. నెలల తరబడి పైపు ఉన్నవాళ్ళకి మూత్రం మురికిగా ఉందనో, వాసన వస్తందనో మాటిమాటికీ టెస్టు చేయించి మందులు వెయ్యొద్దు. జ్వరం, వణుకు, పొత్తికడుపు నొప్పి, ఉన్నట్టుండి మతి తేడా, రక్తం, ఇవి ఉంటే వెంటనే తీసకపోండి.

పొదిలి_కోడలు
మూడు రోజుల నుంచి ఈ చర్చ చదువుతా ఉన్నా. రాయాలా వద్దా అనుకుంటానే ఉన్నా.

మా అత్తమ్మకి రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. ఒంగోల్లో చేర్చాం. మూడో రోజు నర్సు వచ్చి పైపు తీసేస్తామని అంది. వద్దు, ఉంచండి అని బతిమాలింది నేనే. రాత్రి పూట ఆమె దగ్గర ఉండేది నేనొక్కదాన్నే. ఆడవాళ్ళ వార్డు కాబట్టి మా ఆయన్ని రాత్రి లోపలికి రానివ్వరు. బాత్రూము వార్డు చివర. ఒక పక్క పడిపోయిన మనిషిని నేను లేపలేను. డైపర్లు వెయ్యాలంటే తిప్పడానికి ఇంకో మనిషి కావాలి, డబ్బులు కావాలి. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, నాకు నాలుగు రోజులుగా కునుకు లేదు. పైపు ఉంటే రెండు గంటలు పడుకోవచ్చనుకున్నా.

పదహారు రోజులు ఉంచారు. పదిహేడో రోజు చలిజ్వరం, బీపీ పడిపోయి ఐసీయూ. బతికింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, కర్ర పట్టుకొని నడుస్తది. నన్నెవరూ ఒక్క మాట అనలా, ఎవరికీ తెలియదు కూడా. ఆ రోజు నర్సు నాకు "ఉంచితే ఇన్ఫెక్షన్ వస్తది" అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను నేల మీద కూర్చునైనా మేలుకొని ఉండేదాన్ని.

ఇంకోటి కూడా చెప్తా. ఇంటికొచ్చాక అత్తమ్మ సాయంత్రం ఆరు తర్వాత గుక్కెడు నీళ్ళు తాగడం మానేసింది. దాహం లేదంటది. నెల రోజులకి కనిపెట్టా. రాత్రి నన్ను లేపాల్సొస్తదని తాగడం లేదు. నాలిక ఎండి, మూత్రం పసుపు పచ్చగా, మంట. నేను అడిగితే "పిల్లల తల్లివి, ఎన్నిసార్లు లేస్తావులే" అంది. ఆ మాటకి ఇద్దరం ఏడ్చినాం. ఇప్పుడు ఆమె మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టా, ఒక గంట కట్టా. నీళ్ళు మూడొంతులు పగలే తాగిస్తా, రాత్రికి కాస్త తగ్గిస్తా.

కావలి_మనవరాలు
అక్కా, మా జేజి కూడా నీళ్ళు తాగనంటది. నేను మారాం అనుకున్నా.

ఉదయగిరి_దుర్గం
అమ్మా, నేను పైన బిల్లు కోసం పైపు ఉంచారని రాశా. నీ పోస్టు చదివాక ఆ మాట అంత తేలిగ్గా అనాల్సింది కాదనిపిస్తంది. కేసు కాగితాలు అడగమన్న మాట మీద మాత్రం నిలబడతా, అది రోగి హక్కు.

ఒంగోలు_గిత్త
దుర్గం దిగొచ్చింది! కనిగిరి అన్నకి ఒక టిన్ను నీళ్ళు నా లెక్కలో రాయండి, పెదనాయనకి పట్టించండి.

కనిగిరి_టిన్నునీళ్ళు
ఒకటి చాలదబ్బా, నెల ఖాతా పెట్టు.

కావలి_మనవరాలు
రెండు రోజుల సంగతి చెప్తా.

రక్తం కల్చర్ తీశారంట, ఇంజెక్షన్‌కి ముందే. అందులో కూడా అదే క్లెబ్సియెల్లా పెరిగింది. సెఫ్ట్రయాక్సోన్ అనే మందుకి లొంగదు, మెరోపెనెంకి లొంగుతుంది అని వచ్చింది. అంటే మూత్రం నుంచి రక్తంలోకి దిగిందన్నమాట. ఇంజెక్షన్ ఆపించాలని మా చిన్నాయన గొడవకి దిగబోయాడు, మీరందరూ ఆగమన్నందుకు ఆగినాం.

రౌండ్స్‌లో "సార్, ఈ పైపు ఇంకా ఎందుకు" అని అడిగా. గొంతు వణికింది. డాక్టరు కేస్ షీట్ తిప్పి చూసి, ఒక్క నిమిషం మాట్లాడకుండా, "తీసెయ్యండి" అన్నారు నర్సుతో. ఆయన ముఖంలో బాధ కనిపించింది, అది నిజం. ట్రమడాల్ ఆపి పారాసిటమాల్ పెట్టారు. ఎనీమా ఇచ్చారు.

పైపు తీసి ఆరు గంటలైనా ఒంటికి రాలేదు. మళ్ళీ వేస్తారేమోనని నాకు చేతులు చల్లబడినాయి. స్కాన్ చేసి చూశారు, ఎక్కువ లేదు, ఆగుదాం అన్నారు. మంచం మీద బెడ్‌పాన్ పెడితే రానిది, ఇద్దరం పట్టి కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టి తెర వేస్తే వచ్చింది. పడుకొని పోవడం ఆమెకి అలవాటు లేదు గదా, సిగ్గు కూడా.

పాతడాక్టరు_జనరల్‌మెడిసిన్
రక్తంలో పెరిగిందంటే ఇంక సందేహం లేదు, మందు అవసరమే. మళ్ళీ పైపు వెయ్యకుండా ఆగడం చాలా మంచి నిర్ణయం. ఇలాంటి క్రిమికి రోజుకి ఒక్కసారే ఇచ్చే ఎర్టాపెనెం అని ఇంకో ఇంజెక్షన్ ఉంది. కోలుకున్నాక మిగిలిన రోజులు దానితో ఇంటి దగ్గరే పూర్తిచేయొచ్చేమో మీ డాక్టర్ని అడగండి. క్రియాటినిన్ చూసి మోతాదు ఆయనే నిర్ణయించాలి. మధ్యలో మాత్రం ఆపకండి.

రాత్రిళ్ళు అలజడిగా ఉంటే చేతులు కట్టేయనివ్వకండి. ఆమె కళ్ళద్దాలు పెట్టండి, పగలు కిటికీ తెరవండి, గోడ గడియారం కనబడేలా చూడండి, తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండాలి. అబ్బ కనిపించాడంటే వాదించకండి, ఊరి మాటలు మాట్లాడండి.

కావలి_మనవరాలు
కళ్ళద్దాలు! చేరిన రోజు నుంచీ నా బ్యాగులోనే ఉన్నాయి సార్. ఎవరూ అడగలా, మాకూ తట్టలా.

రాత్రి_డ్యూటీ
పెట్టు పాపా, ఇప్పుడే పెట్టు.

కావలి_మనవరాలు
ఇవాళ నాలుగో రోజు. రాత్రి ఐదు గంటలు ఏకధాటిగా నిద్రపోయింది. తెల్లకణాలు 10,400కి దిగినాయి, క్రియాటినిన్ 1.1. పొద్దున్నే కళ్ళద్దాలు సర్దుకొని నా వైపు చూసి "ఏందే, ఇంత చిక్కినావు, బెంగుళూర్లో కూడు పెట్టరా" అనింది. నాకు నోట మాట రాలా. పరీక్ష చేద్దామని "జేజీ, గేదెకి నీళ్ళు పెట్టనా" అని అడిగా. "గేదె యాడుందే, అమ్మేసి ఎన్నేళ్ళయింది, నీకేమన్నా మతి పోయిందా" అనింది. మేనత్త తాయెత్తు వల్లే అంటంది, అననీ.

సాయంత్రం ఇంకా కాస్త తికమక పడతంది. సోమవారం ఇంటికి పంపిస్తామన్నారు, మిగిలిన ఇంజెక్షన్లు కావలిలో చేయించుకోమన్నారు. మా ఇంట్లో బాత్రూము పెరటి చివర. కమోడ్ కుర్చీ కొనాలా, అద్దెకి దొరుకుద్దా?

పొదిలి_కోడలు
కొనొద్దు, ఊరికే పడి ఉంటది. మా దగ్గర ఉన్నది రెండోది ఖాళీగానే ఉంది, చేతులు పట్టుకొని లేచే రకం, ఎత్తు మార్చుకోవచ్చు. సోమవారం మా ఆయన లోడు మీద నెల్లూరు పోతన్నాడు, దారిలో కావలిలో దించుతాడు. ఎవరికివ్వాలో నాకు విడిగా మెసేజ్ పెట్టు. గంట కూడా పంపిస్తా.